చెప్పిన పని మరిచే పిల్లలు, పెదవులు కదిపే పిల్లలు

పరకాల దగ్గరి ఒక ప్రాథమిక పాఠశాలలో మూడు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టి బోధిస్తున్న ఉపాధ్యాయురాలు అడిగిన ప్రశ్న ఇది. ఆమె మూడో తరగతికి పాఠం చెబుతుండగా, పని అప్పగించిన ఒకటో తరగతి పిల్లలు ఒకరి తర్వాత ఒకరు లేచి వచ్చి “టీచర్, ఇప్పుడేం జేయాలె?” అంటుంటే, సొంతంగా పని చేసుకోవడం వారికి నేర్పేదెలా?

ముందు ఆమె అప్పగించిన పనినే చూద్దాం. “నోటుబుక్కు తీసి తారీఖు రాసి, ముప్పై ఆరో పేజీల రెండో లెక్క చేసి, అయినంక నా టేబుల్ మీద పెట్టుండ్రి.” ఒక్క వాక్యమే అయినా ఇందులో గుర్తుంచుకోవలసినవి ఐదున్నాయి. పెద్దల మనసులోనే ఒకేసారి నిలిచేవి సుమారు నాలుగు అంశాలని మనస్తత్వవేత్త నెల్సన్ కోవన్ 2001లో ప్రతిపాదించారు. ఆరేళ్ల పిల్లలకు అంతకన్నా తక్కువే. విన్న మాట ధ్వని జాడగా రెండు సెకన్లపాటే నిలుస్తుందని, లోలోపల మళ్లీ అనుకుంటేనే కొనసాగుతుందని మరో మనస్తత్వవేత్త ఆలన్ బ్యాడ్లీ బృందం 1975లో వివరించింది. పిల్లవాడు స్కేలు పెట్టి మార్జిన్ గీసి, పక్కవాడిని తారీఖు అడిగి రాసుకునేలోగా పేజీ అంకె చెరిగిపోతుంది. దీనిని మొండితనమనడం అన్యాయం. జ్ఞాపకశక్తికని మెడలో తాయెత్తు కట్టే తల్లిదండ్రులు మన పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు గాని, ఆ రెండు సెకన్లను ఏ తాయెత్తూ పొడిగించదు.

మళ్లీ అనుకోవడమనే పని పిల్లలకు ఎప్పుడు అలవడుతుంది? నాకు అత్యంత ఇష్టమైన ప్రయోగాల్లో ఒకటి ఇక్కడే ఉంది. 1966లో మనస్తత్వవేత్త జాన్ ఫ్లావెల్, ఆయన సహచరులు పిల్లల తలకు వ్యోమగామి టోపీ వంటిది తొడిగి, కొన్ని బొమ్మలను వరుసగా వేలితో చూపించి, ఆ వరుసను గుర్తుంచుకోమని చెప్పి, కళ్లకు అడ్డుగా ముసుగు దించి పదిహేను సెకన్లు ఆగమన్నారు. పెదవుల కదలికను చదవడంలో శిక్షణ పొందిన పరిశీలకుడు ఆ వ్యవధిలో వారి నోటినే గమనించాడు. బొమ్మల పేర్లను గొణుక్కున్నవారు ఐదేళ్ల వయసులో ఇరవై మందిలో ఇద్దరు, ఏడేళ్లకు పన్నెండు మంది, పదేళ్లకు పదిహేడు మంది.

మరుసటి ఏడాది మరో ప్రయోగంలో, గొణుక్కోని ఒకటో తరగతి పిల్లలకు గొణుక్కోవడం నేర్పితే, తమంతట తాము గొణుక్కునేవారితో సమానంగా గుర్తుంచుకోగలిగారు. అయితే ఇక మీ ఇష్టమనగానే చాలామంది ఆ పద్ధతిని వదిలేశారు. శక్తి ఉన్నా, దానిని వాడుకోవాలన్న తలపు తనంతట తాను రాకపోవడమే ఇక్కడి చిక్కు. కాబట్టి నేర్పవలసింది ఆ తలపును. అది ఒక్కరోజుతో రాదు.

ఆ ఉపాధ్యాయురాలికి నా సూచన ఇది. పనిని రెండు మెట్లుగా విడగొట్టి, పేజీ అంకెను, లెక్క అంకెను బోర్డు మీద రాసి, విన్నదానిని పిల్లలచేత పైకి చెప్పించాలి. కొన్ని రోజులకు గుసగుసగా, ఆపైన పెదవులతో మాత్రమే అనిపించాలి. పైకి పలికే మాట క్రమంగా లోపలి మాటగా మారి చేసే పనిని నడిపిస్తుందని సోవియట్ మనస్తత్వవేత్త వైగోత్స్కీ 1930ల్లోనే వాదించారు. తనిఖీ అధికారికి నచ్చుతుందని తరగతిలో సూది పడినా వినిపించేంత నిశ్శబ్దం కోరే ఉపాధ్యాయులు, చిన్నపిల్లల చేతిలోని పనిముట్టునే లాక్కుంటున్నారని నా అభిప్రాయం. ఇక పిల్లవాడు మళ్లీ వచ్చి అడిగితే, జవాబుకు బదులు “నేనేం చెప్పిన్నో నువ్వే చెప్పు” అని అడిగి, అతనికి గుర్తున్న చోటి నుంచి ఒక్క మెట్టు మాత్రమే అందించాలి.