శిఖంలో నలభై గజాల చుక్క

పాలమూరు నుంచి హైదరాబాద్ పోయే దారిలో షాద్‌నగర్ వస్తుంది. 2016 దాకా అది మన జిల్లానే. అక్కడ ఇస్రో వాళ్ల ఎన్ఆర్ఎస్సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) ఆవరణలో పెద్ద పెద్ద యాంటెన్నాలున్నాయి. మన ఉపగ్రహాలు తీసిన నేల చిత్రాలు దిగేది అక్కడే.

2011లో పంపిన రిసోర్స్‌శాట్-2 ఉపగ్రహంలోని ఒక కెమెరాకు నేల 5.8 మీటర్ల చదరపు చుక్కలుగా కనిపిస్తుంది. మన లెక్కలో ఒక్కో చుక్క సుమారు 40 గజాలు. 160 గజాల ప్లాటంటే నాలుగు చుక్కలు. కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని నీళ్లు దాదాపు మొత్తం మింగేస్తాయి, పచ్చని ఆకులు వెనక్కి కొడతాయి. అందుకే ఆ చిత్రంలో చెరువు నల్లగా, పొలం మెరుస్తూ ఉంటుంది. ఎండాకాలం చిత్రం చూస్తే మోసపోతాం, ఎండిన చెరువూ మామూలు నేలలాగే కనిపిస్తుంది. వానలు మంచిగా పడ్డ ఏండ్లలో అక్టోబర్ చిత్రాలు పక్కపక్కన పెట్టి చూడాలి. నలుపు అంచులు లోపలికి జరిగాయంటే శిఖం, అంటే చెరువు నిండితే మునిగే నేల, పోతున్నట్టే.

2023లో పాలమూరు దగ్గరి దివిటిపల్లిలో ఐటీ టవర్, నల్లగొండలో ఐటీ హబ్ తెరిచారు. పిల్లలకు ఊళ్లోనే కొలువు దొరుకుతుందంటే నాకు నిజంగా సంతోషం. కానీ కొలువుల మాట వినపడగానే భూముల ధరలు లేస్తాయి, వెంచర్లు పల్లపు నేలల్లోకి దిగుతాయి. మన కింద ఉన్నది గ్రానైటు. నీళ్లు నిలిచేది పైనున్న మొరంలో, రాతి పగుళ్లలో మాత్రమే. అక్కడికి ఇంకాలంటే చెరువు వాటిని కొన్ని నెలలు ఆపాలి. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండాలి. మధ్యలో కాలువ పూడ్చి రోడ్డేస్తే వానాకాలం ఇండ్లలోకి నీళ్లు, ఎండాకాలం బోర్లలో దుమ్ము. రెండు కష్టాలకూ మూలం ఆ ఒక్క కాలువే.

షాద్‌నగర్ చుట్టూ డేటా సెంటర్ల కోసమూ భూములు తీసుకున్నారు. సర్వర్ల వేడిని నీళ్లు ఆవిరిచేసి తగ్గించే పద్ధతి ఒకటుంది. ఒక మెగావాట్ వేడి మొత్తం అలా పోవాలంటే గంటకు సుమారు 1,500 లీటర్లు కావాలి. అందుకే ఏ పద్ధతి వాడతారో, నీళ్లు ఎక్కడివో అనుమతికి ముందే అడగాలి.

లేఅవుట్‌కూ అంతే. ప్లాటు కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు అడుగుతాం కదా, వాటితోపాటు పదేండ్ల కిందటి అక్టోబర్ చిత్రం కూడా చూపించమనాలి. మనం కొనే ఆ నాలుగు చుక్కలు అప్పుడు ఏ రంగులో ఉన్నాయో చూశాకే బయానా ఇవ్వాలి.