బొమ్మలో ఓడ ఒడ్డుకు ఎందుకు రాలేదు?

మద్రాసు పుట్టినరోజుగా జరుపుకునే ఆగస్టు 22 దగ్గర పడితే చాలు, చెన్నైలో పాత మద్రాసు బొమ్మలు ఫోన్లలో తిరగడం మొదలవుతుంది. వాటిలో సెయింట్ జార్జి కోట బొమ్మ తప్పకుండా ఉంటుంది. ఒడ్డున కోట, ముందు సముద్రంలో ఇంగ్లీషువాళ్ళ ఈస్టిండియా కంపెనీ తెరచాపల ఓడ, దాని పక్కల్లో ఫిరంగులు. సరుకుల ఓడకు ఫిరంగులేమిటని అడగాల్సిందే. అప్పటి వర్తకం ఆయుధం పట్టుకునే జరిగేది. 1746లో ఫ్రెంచివాళ్ళు సముద్రం మీద వచ్చే ఈ కోటను పట్టుకున్నారు.

అంత పెద్ద ఓడ ఒడ్డుకు రాకపోవడానికి కారణం మామూలుదే: అప్పట్లో ఇక్కడ రేవు లేదు. ఓడ ఒడ్డుకు దూరంగా సముద్రంలోనే లంగరు వేసుకునేది. సరుకైనా, దొరగారైనా మసూలా పడవ ఎక్కాల్సిందే. దాని పలకలను మేకులతో కాదు, కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. అల గట్టిగా కొట్టినా పలక కాస్త వంగి ఊరుకునేది. యూరప్ పడవలైతే ఆ కెరటాలకు పగిలిపోయేవి. పడవ తిరగబడితే మనుషుల్ని అందుకోవడానికి పక్కనే దుంగలు కట్టి చేసిన కట్టుమరాలు. నా మటుకు బొమ్మలో ముందు చూడాల్సింది ఓడను కాదు, ఈ పడవలనే. రేవు కట్టే పని 1870ల్లో మొదలైతే, 1881 తుపాను చాలామటుకు కూల్చేసింది.

ఇంత తిప్పలుండే తీరానికే ఇంగ్లీషువాళ్ళు ఎందుకొచ్చారు? బట్ట కోసం. 1611లో మచిలీపట్నం, తర్వాత నెల్లూరు తీరాన దుర్గరాజపట్నం, 1639లో దామెర్ల నాయకుల దగ్గర సంపాదించిన ఈ ఇసుక నేల. ఓడలు వెండి తెచ్చి, బట్టల మూటలు పట్టుకెళ్ళేవి. మన అద్దకపు బట్టకు తూర్పు దీవుల్లో సుగంధ ద్రవ్యాలు దొరికేవి.

మధ్యలో ఉన్నది బేరి తిమ్మన్న, కాశీ వీరన్న లాంటి తెలుగు వర్తకులు. కంపెనీ వీళ్ళకు బయానా ఇచ్చేది, వీళ్ళు సాలెవారికిచ్చేవారు. బట్ట నచ్చకపోతే తిప్పికొట్టేవారు, బాకీ నేతగాడి నెత్తిన పడేది. నేతవాళ్ళను దగ్గరే ఉంచుకోవాలని 1734లో చింతాద్రిపేట కట్టించారు. బట్ట ఉతికి తెలుపు చేసేవాళ్ళ చాకలిపేట ఇప్పటికీ ఆ పేరుతోనే ఉంది.

ఈ బట్ట లండన్‌లో ఎంత అమ్ముడైందంటే అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ళు గగ్గోలు పెట్టారు. 1700లో ఒకటి, 1721లో ఇంకోటి, అద్దకపు బట్టకు అడ్డుకట్ట వేస్తూ చట్టాలొచ్చాయి. నూరేళ్ళు గడిచేసరికి వ్యాపారమే తిరగబడింది. మాంచెస్టర్ మిల్లు బట్ట ఓడల్లో మద్రాసుకొచ్చి, అవే కుట్టు పడవల్లో ఒడ్డున దిగింది.