చిలక కొట్టిందా, గబ్బిలం కొట్టిందా?

దామలచెరువు వైపు మామిడి తోటల్లో తెల్లారకముందే లేచి, రాలిన బేనీషా పండ్లు ఏరుకోవడం మా చిన్నప్పటి సంబరం. గాటు పడిన పండు దొరికితే, "చిలక కొట్టిన పండురా, దానికే తీపెక్కువ" అని అవ్వ పైటకొంగుతో తుడిచి చేతికిచ్చేది. రాత్రిపూట చిలకలు నిద్రపోతాయన్న సంగతి మాకెవరికీ తట్టలేదు. చీకట్లో చెట్టు మీదికి వచ్చేది గబ్బిలం.

పండ్లు తినే పెద్ద గబ్బిలం పండును నమిలి, రసం పీల్చుకుని, పిప్పిని ఉమ్మేస్తుంది. సగం తిన్నది జారవిడిచి మరో కొమ్మకు పోతుంది. ఆ గాటులో దాని ఎంగిలి ఉంటుంది. నిపా వైరస్‌కు సొంతిల్లు ఈ గబ్బిలమే. దాని ఒంట్లో వైరస్ ఉన్నా దానికి జబ్బు చేయదు. మనిషికి సోకితే మాత్రం జ్వరంతో మొదలై మెదడు వాపుదాకా పోతుంది. సోకినవాళ్లలో నూటికి 40 నుంచి 75 మంది దాకా చనిపోతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

1998లో మలేసియాలో పందుల కొట్టాలను ఆనుకుని మామిడి చెట్లు ఉండేవి. గబ్బిలాలు కొరికి వదిలిన పండ్లు పందులు తిన్నాయి, పందుల నుంచి వాటిని మేపేవాళ్లకు అంటుకుంది. మరుసటి ఏడాదికి 105 మంది పోయారు. పది లక్షలకు పైగా పందులను చంపాల్సి వచ్చింది. ఇది చదివినప్పుడు నాకు మా తోటే గుర్తొచ్చింది. మేం తినగా మిగిలిన గాటు పండ్లు మా ఆవుల గాడిలోకే పోయేవి.

బంగ్లాదేశ్ సంగతి మనకు ఇంకా దగ్గరిది. అక్కడ చలికాలంలో ఈత చెట్టుకు గీత పెట్టి, రాత్రంతా కుండలో రసం పట్టి, పొద్దున్నే పచ్చిగా తాగుతారు. మన పొలాల గట్ల మీది ఈత చెట్టూ అదే జాతి. శాస్త్రజ్ఞులు చెట్లకు రాత్రి కెమెరాలు కట్టి చూస్తే, గబ్బిలాలు వచ్చి కారుతున్న రసం నాకుతూ కనిపించాయి. వాటి ఎంగిలి, మూత్రం కుండలో పడతాయి. పులిస్తే వైరస్ చస్తుందనుకోవడానికీ లేదు, ఈత కల్లు తాగినవాళ్లకూ అక్కడ సోకింది. బెల్లం కాచేంత వేడికి మాత్రం అది నిలవదు.

మన దేశంలో 2001లో పశ్చిమ బెంగాల్‌లోని సిలిగురిలో, 2018లో కేరళలోని కోళికోడ్‌లో ఈ వైరస్ ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి పాకింది. కోళికోడ్‌లో సేవ చేసిన నర్సు లినీ కూడా ప్రాణం పోగొట్టుకున్నారు. అక్కడ మొదటి రోగికి ఎలా సోకిందో తేలనేలేదు.

అలాగని గబ్బిలాలున్న చెట్టు కొట్టేయడం మందు కాదు. ఇప్పపూలకు పుప్పొడి మోసేది, మర్రి, రావి గింజలు ఊరూరా చల్లేది ఇవే. ఆస్ట్రేలియాలో నిపాకు చుట్టమైన హెండ్రా వైరస్ మీద జరిగిన పరిశోధనలో, తిండి కరువై చెదిరిన గబ్బిలాలే వైరస్‌ను ఎక్కువగా వదులుతున్నాయని తేలింది.

బంగ్లాదేశ్‌లో గీత కార్మికులు గీత పెట్టిన చోటునూ కుండనూ కలిపి వెదురు తడిక చుట్టి చూశారు. కెమెరాల్లో గబ్బిలాలు చెట్టుదాకా వచ్చాయి గాని రసాన్ని అందుకోలేకపోయాయి. మా తోటలో ఇప్పుడు గాటు పండు గాడిలోకి పోదు, గుంట తీసి పూడ్చేస్తాం. మంచి పండును కడిగి, తొక్క తీసి తింటాం. అవ్వ ఉండుంటే, అంత తీపి పండును మట్టిపాలు చేస్తారా అని రెండు రోజులు మాట్లాడేది కాదు. పక్కన కూర్చుని ఇదంతా ఆమెకు చెప్పాలని ఉంటుంది.