ఏం తీశారు, ఏం ఉంచారు: ఆపరేషన్ కాగితాలు చదువుకోవడం

"గర్భసంచి ఆపరేషన్ అయిందండీ." కొత్త డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు చాలామంది ఆడవాళ్లు తమ పాత ఆపరేషన్ గురించి చెప్పగలిగేది ఈ ఒక్క మాటే. డాక్టరుకు ఇంకో రెండు సంగతులు కావాలి. అండాశయాలు కూడా తీశారా? గర్భసంచి ముఖద్వారం ఉందా, లేదా? రెండింటికీ జవాబు డిశ్చార్జి సమ్మరీలో ఒకే వరసలో ఉంటుంది: టీఏహెచ్ ప్లస్ బీఎస్‌ఓ. ఆ కాగితం బీరువాలో, స్థలం దస్తావేజుల పక్కన భద్రంగానే ఉంటుంది. అందులో ఏం రాసి ఉందో మాత్రం ఇంట్లో ఎవరికీ తెలియదు.

టీఏహెచ్ అంటే టోటల్ అబ్డామినల్ హిస్టరెక్టమీ, పొట్ట కోసి గర్భసంచిని తీసేయడం. ఇందులో 'టోటల్' అన్న మాట దగ్గరే అందరూ పొరబడతారు. టోటల్ కదా, అండాశయాలతో సహా అన్నీ తీసేశారనుకుంటారు. అక్కడ టోటల్ అంటే గర్భసంచిని దాని ముఖద్వారంతో కలిపి తీశారని, అంతవరకే. సబ్‌టోటల్ అని రాస్తే ముఖద్వారం లోపలే ఉంది. అండాశయాల సంగతి తేల్చేది బీఎస్‌ఓ, అంటే బైలేటరల్ సాల్పింగో ఊఫరెక్టమీ. బైలేటరల్ అంటే రెండు వైపులా. సాల్పింక్స్ గ్రీకు మాట, దాని అర్థం బాకా. అండవాహిక చివర బాకాలాగే విచ్చుకుని ఉంటుంది. ఊఫరాన్ అంటే గుడ్డును మోసేది, అదే అండాశయం. ఈ మూడక్షరాలు కాగితం మీద ఉంటే రెండు అండాశయాలూ, రెండు వాహికలూ లేనట్టే.

38 ఏళ్ల వయసులో ఇద్దరికి గర్భసంచి తీశారనుకోండి. ఒకరి కాగితంలో టీఏహెచ్ మాత్రమే ఉంది. నెలసరి ఆగిపోతుంది గానీ అండాశయాలు హార్మోన్లు తయారుచేస్తూనే ఉంటాయి. రెండో ఆమె కాగితంలో బీఎస్‌ఓ కూడా ఉంది. ఆమెకు ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోతుంది. ఒళ్లంతా ఆవిర్లు, చెమటలు మొదలవుతాయి. ఎముకలు పలచబడటం పదేళ్లు ముందుకొస్తుంది. ఆమెకు హార్మోన్ చికిత్స గురించీ, కాల్షియం గురించీ, ఎముకల పరీక్ష గురించీ డాక్టరు మాట్లాడాలి. ఇక సబ్‌టోటల్ అయినవారికి ముఖద్వారం ఉంది కాబట్టి, అక్కడ వచ్చే క్యాన్సర్‌ను ముందుగా పట్టే పాప్ స్మియర్ పరీక్ష మామూలుగా కొనసాగాలి. మన రాష్ట్రాల్లో ఇది కొద్దిమంది సంగతి కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. తెలంగాణలో అది 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. ఇంతమంది బతుకులను తాకే ఆ రెండు పొడి మాటలకు అర్థం ఆపరేషన్ రోజే, తెలుగులో, ఎవరో ఒకరు కూర్చుని చెప్పాలి.

పొడుగాటి ఆపరేషన్ పేర్లు చూసి బెదరనక్కర్లేదు. వాటిని తోక నుంచి చదవాలి. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది కదా, ఈ పేర్లలోనూ అంతే. మొదట అవయవం, చివర చేసిన పని. 'ఎక్టమీ' అంటే కోసి బయటికి తీసేయడం. 'ఆటమీ' అంటే కోసి తెరవడం మాత్రమే. 'ఆస్టమీ' గ్రీకులో నోరు అనే మాట నుంచి వచ్చింది, బయటికి ఒక నోరు పెట్టడం. పెద్దపేగు పేరు ముందు పెట్టి చూడండి. కొలెక్టమీ అయితే పేగును, లేదా అందులో కొంత భాగాన్ని తీశారు. కొలాటమీ అయితే పేగును కోసి తెరిచారు. కొలాస్టమీ అయితే పేగు చివరను పొట్ట మీదికి తెచ్చి, మలం సంచిలో పడేలా చేశారు. మధ్యలో ఒకటి రెండు అక్షరాలు మారితే మనిషి జీవితమే వేరు. కొన్ని సిజేరియన్ నోట్లలో హిస్టరాటమీ అని కనబడుతుంది. బిడ్డను తీయడానికి గర్భసంచిని కోశారని దాని అర్థం. దాన్ని హిస్టరెక్టమీ అని చదువుకుని, బాలింత గర్భసంచి తీసేశారని ఇంటిల్లిపాదీ కుదేలైపోవచ్చు.

తోక తేడా హెర్నియాలో ఇంకా స్పష్టంగా కనబడుతుంది. హెర్నియాటమీ అంటే జారిన తిత్తిని మాత్రం కట్టి కోసేయడం, ఎక్కువగా పిల్లలకు చేసేది. హెర్నియోరఫీలో బలహీనపడిన చోటును సొంత కండరాలతోనే కుడతారు. 'రఫీ' అంటే కుట్టు. హెర్నియోప్లాస్టీ అని ఉంటే లోపల వల, అంటే మెష్, అమర్చారని. అది జీవితాంతం అక్కడే ఉంటుంది. తర్వాతెప్పుడో అదే చోట ఇంకో ఆపరేషన్ చేసే సర్జనుకు ఈ ముక్క ముందే తెలియాలి.

ఇప్పుడు పిత్తాశయంలో రాళ్లకు చేసే ఆపరేషన్ నోటు ఒకటి దగ్గరగా చూద్దాం. ఆసుపత్రి వరండాల్లో 'లాప్ కోలీ' అంటారు. పూర్తి పేరు లాపరోస్కోపిక్ కోలిసిస్టెక్టమీ: కోలే అంటే పైత్యరసం, సిస్ట్ అంటే సంచి, ఎక్టమీ అంటే తీయడం. నోటులో మొదట 'జీఏ' కనబడుతుంది, పూర్తి మత్తు అని. తర్వాత 'న్యూమోపెరిటోనియం', అంటే కెమెరాకు చోటు కావాలని పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ ఎక్కించారు. ఆ గ్యాసు పీడనాన్ని మామూలుగా 12 నుంచి 15 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉంచుతారు. ఆపరేషన్ పొట్టకు చేస్తే భుజం నొప్పేమిటని మర్నాడు కంగారుపడేవారికి జవాబు ఈ వరసలోనే ఉంది. గ్యాసు వల్ల డయాఫ్రం, అంటే ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరపు పొర, రేగుతుంది. దాని నరం, భుజం చర్మపు నరాలు మెడలో ఒకే చోట నుంచి బయల్దేరతాయి. అందుకే నొప్పి భుజంలో తెలుస్తుంది. సాధారణంగా రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది.

ఆ కిందే 'కాలట్స్ ట్రయాంగిల్' డిసెక్ట్ చేశామని ఉంటుంది. 1891లో ఫ్రెంచి సర్జన్ జాన్ ఫ్రాన్స్వా కాలో వర్ణించిన చిన్న త్రికోణం అది. పిత్తాశయపు గొట్టం, రక్తనాళం ఉండేది అక్కడే. ఈ ఆపరేషన్‌లో ఘోరమైన పొరపాటు ఒకటుంది. పిత్తాశయపు గొట్టమనుకుని, కాలేయం నుంచి పేగులోకి పోయే అసలు పైత్యనాళాన్నే కత్తిరించడం. అది జరక్కుండా, క్లిప్పు వేసేముందు పిత్తాశయంలోకి రెండే రెండు నిర్మాణాలు వెళ్తున్నాయని కళ్లారా తేల్చుకోవాలి. నోటులో 'క్రిటికల్ వ్యూ ఆఫ్ సేఫ్టీ' అని రాసేది దాని గురించే. 'డెన్స్ అడ్హీషన్స్' అంటే లోపల అన్నీ గట్టిగా అతుక్కుపోయి ఉన్నాయి. అలాంటప్పుడు 'కన్వర్టెడ్ టు ఓపెన్' అని ఉంటే పొట్ట కోసి పని పూర్తిచేశారు. దాన్ని సర్జన్ ఓటమి అనుకునేవారున్నారు. కనబడని చోట కత్తెర ఆడించకపోవడమే మంచి సర్జన్ లక్షణం. 'సబ్‌టోటల్ కోలిసిస్టెక్టమీ' అని ఉంటే మాత్రం గుర్తుపెట్టుకోండి. పిత్తాశయంలో కొంత ముక్కను కావాలనే వదిలేశారు, దానిలో మళ్లీ రాయి రావచ్చు. నాలుగేళ్ల తర్వాత అదే నొప్పి వచ్చినప్పుడు "పిత్తాశయం తీసేశారు, ఇది రాళ్ల నొప్పి కాదులే" అని కొట్టిపారేయడానికి లేదు.

మామూలు ఇంగ్లీషు మాటలే ఇక్కడ వేరే అర్థంతో వస్తాయి. అక్యూట్ అంటే తీవ్రం అని కాదు, హఠాత్తుగా మొదలైందని. క్రానిక్ అంటే ముదిరిందని కాదు, చాలాకాలంగా ఉందని. 'నెగటివ్', 'అన్‌రిమార్కబుల్' అని పరీక్షల్లో ఉంటే చెడ్డది ఏదీ కనబడలేదని. రోగం పేరు ముందు 'ఆర్ బై ఓ' గానీ ప్రశ్నార్థకం గానీ ఉంటే అది అనుమానం మాత్రమే, ఇంకా తేలాలి. చివర 'ఓమా' ఉన్నదల్లా క్యాన్సర్ కాదు. లైపోమా కొవ్వు గడ్డ, హెమటోమా గడ్డకట్టిన నెత్తురు. ఎముకల వార్డులో హ్యాష్ గుర్తు కనబడితే విరిగిందని అర్థం. 'సీ బై సీ బై సీ' అని ఉంటే రోగి స్పృహలో ఉన్నాడు, పొంతనగా మాట్లాడుతున్నాడు, సహకరిస్తున్నాడు అని. మందుల చీటీలో ఓడీ అంటే రోజుకొకసారి, కంటి ఆసుపత్రి కాగితంలో అదే ఓడీ అంటే కుడి కన్ను. ఇన్సులిన్ మోతాదు దగ్గర యూనిట్లకు బదులు 'యూ' అక్షరం చేత్తో రాస్తే అది సున్నాలా కనబడి 10 కాస్తా 100 అవుతుంది. అందుకే ఆ మాట పూర్తిగా రాయమని అడగడంలో తప్పు లేదు.

'ఇన్ సైటు' అన్న మాట దగ్గర మాత్రం ఆగాలి. 'ఉన్నచోటే ఉంది' అని దాని అర్థం. కిడ్నీ రాళ్ల ఆపరేషన్ తర్వాత డిశ్చార్జి కాగితంలో 'డీజే స్టెంట్ ఇన్ సైటు' అని ఉంటుంది. కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా పెట్టిన మెత్తటి గొట్టం అది. పాతిక సెంటీమీటర్లు అటూ ఇటూ పొడవు, సుమారు 2 మిల్లీమీటర్ల లావు, జారిపోకుండా రెండు కొసలూ వంకీ తిరిగి ఉంటాయి. వాపు తగ్గేదాకా మూత్రానికి దారి ఇవ్వడం దాని పని. మామూలుగా కొన్ని వారాల్లో తీసేయాలి. మూత్రాశయంలోకి సన్నని కెమెరా పంపి, కొసను పట్టుకుని లాగితే నిమిషాల్లో వచ్చేస్తుంది. మొదట్లో మాటిమాటికీ మూత్రం రావడం, మంట, కాస్త ఎరుపు ఉంటాయి. అవి సద్దుమణగగానే స్టెంట్ సంగతి మరుపున పడుతుంది. మూడు నెలలు దాటేకొద్దీ దాని మీద లవణాలు పేరుకుని, రాయి కోసం పెట్టిన గొట్టమే రాయవుతుంది. ఇన్‌ఫెక్షన్లు వస్తాయి, దారి మూసుకుంటుంది, ఏళ్లు గడిస్తే కిడ్నీయే పోవచ్చు. నిమిషాల్లో రావలసినదాన్ని అప్పుడు పెద్ద ఆపరేషన్ చేసి ముక్కలుగా తీయాలి. కాగితంలో ఈ వరస కనబడితే, తీయించుకోవలసిన తేదీని ఆ రోజే ఇంట్లో క్యాలెండరు మీద రాసేయండి. ప్లేట్లు, స్క్రూలు, మార్చిన కీలు, గుండె స్టెంట్ ఉంటే వాటి స్టిక్కర్ల నకలు కూడా అడిగి తీసుకోండి. కంపెనీ, సైజు, నంబరు వాటి మీదే ఉంటాయి.

'హెచ్‌పీఈ రిపోర్ట్ అవెయిటెడ్' అన్నదీ చాలామంది చదవకుండా వదిలేసే వరసే. తీసిన ముక్కను సూక్ష్మదర్శిని కింద చూడటానికి పంపారు, ఫలితం ఇంకా రాలేదు అని అర్థం. అది వచ్చేసరికి రోగి ఇంట్లో ఉంటాడు, కుట్లు కూడా మానుతుంటాయి. రాళ్లకని తీసిన పిత్తాశయంలో ఎవరూ అనుకోని క్యాన్సర్ అరుదుగా బయటపడేది ఈ రిపోర్టులోనే. బాగానే ఉంది కదా అని తెచ్చుకోకపోతే, తొలిదశలో దొరికినదాన్ని చేజార్చుకున్నట్టే. కుట్లు చూపించుకోవడానికి వెళ్లినప్పుడే అడిగి, కాగితం చేతిలోకి తీసుకోండి.

డిశ్చార్జి సమ్మరీ కేస్ షీట్‌కు సారాంశం మాత్రమే. ఆపరేషన్ నోటు, మత్తు చార్టు, బయాప్సీ రిపోర్టు విడిగా ఉంటాయి. 2002 నాటి భారత వైద్య మండలి నియమాల ప్రకారం రోగి గానీ, అతను అనుమతించిన వ్యక్తి గానీ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. అవే నియమాలు ఇన్‌పేషెంట్ రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి 3 ఏళ్లు దాచమంటాయి. ఆ తర్వాత అవి ఆసుపత్రిలో దొరుకుతాయన్న భరోసా లేదు. అందుకని డిశ్చార్జి అయిన నెలలోపే ఒక అర్జీ రాసిచ్చి, ఆపరేషన్ నోటు నకలు తెచ్చుకుని, ఫోనులో కూడా ఫొటో తీసి పెట్టుకోండి.