‘45 రోజుల పిల్ల’ సంగతి: కుక్కను తెచ్చుకునేవాళ్ల అపోహలు, వాస్తవాలు

అట్టపెట్టెలో తువ్వాలు పరిచి కుక్కపిల్లను తెస్తారు. బల్ల మీద పెట్టి, "మొన్నటిదాకా బాగానే ఆడింది డాక్టరు గారూ, పళ్లు వస్తున్నాయి కదా, అందుకే విరేచనాలు అనుకున్నాం" అంటారు. తువ్వాలు తీయకముందే వాసన చెబుతుంది. పార్వో అంటే కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ రోగం; ఆ విరేచనాల వాసన ఒకసారి ఎరిగినవాళ్లు మరచిపోరు. కిట్ పరీక్ష ఎలాగూ చేస్తాను గానీ, చాలాసార్లు రెండో గీత కోసం ఎదురుచూడాల్సిన పనే ఉండదు.

"ఎన్ని రోజుల పిల్ల?" అని అడుగుతాను. జవాబు ఎప్పుడూ ఒకటే. "45 రోజులండీ."

నోరు తెరిచి చూస్తే ముందు పళ్లు బియ్యపు నూకల్లా అప్పుడే చిగుళ్లు చీల్చుకుని వస్తుంటాయి. వెనక పళ్ల జాడే ఉండదు. 45 రోజులకు అవీ బయటపడాలి. దానికి నెల నిండి ఉంటే గొప్ప.

అపోహ: ఎంత చిన్నప్పుడు తెస్తే అంత మచ్చిక అవుతుంది.

నేను చూసిన అపోహల్లో ఇంతగా ప్రాణాలు తీసింది మరొకటి లేదు. దీన్ని పుట్టించింది ఎవరో తెలియదు గానీ, పెంచి పోషిస్తున్నది అమ్మేవాళ్లే. నెల పిల్ల దూదిబంతిలా ఉంటుంది, చూడగానే చేయి జేబులోకి పోతుంది. రెండు నెలలు వచ్చేసరికి కాళ్లు సాగుతాయి, తిండి పెరుగుతుంది, టీకా ఖర్చు మీద పడుతుంది. అందుకే తొందరగా వదిలించుకుంటారు.

తల్లి మొదటి పాలతో వచ్చిన రక్షణ వారం వారం తరిగిపోతుంది. రోగాన్ని ఆపలేనంతగా తగ్గినా, టీకాను పని చేయనివ్వనంత మాత్రం కొన్నాళ్లు మిగిలి ఉంటుంది. పార్వోకు దొరికే సందు అదే. అందుకే 6–8 వారాలకు మొదలుపెట్టి, 3–4 వారాలకొకసారి, 16 వారాలు నిండేదాకా టీకాలు వేస్తాం. "ఒక డోసు పడింది, భయం లేదు" అన్న మాటకు అర్థం లేదు. "రేబిస్ కూడా వేయించాం" అని నెల పిల్లను చేతికిస్తే అక్కడినుంచి వచ్చేయండి, అది మామూలుగా మూడు నెలలకు వేసేది.

ఒంట్లో వైరస్ చేరిన మూడు నుంచి ఏడు రోజులకు గానీ లక్షణాలు బయటపడవు. కొన్నరోజు గంతులేసిన పిల్ల నాలుగో రోజు వాంతులు మొదలుపెట్టేది అందుకే. ఇంట్లో పెట్టిన పెరుగన్నం వల్ల కాదు. ఆ ఇళ్ల అమ్మలు తమను తాము తిట్టుకుంటుంటే నాకు కష్టంగా ఉంటుంది. కానీ ‘పళ్లు వస్తున్నాయి’ అనుకుంటూ, పసుపు నీళ్లు తాగిస్తూ రెండు రోజులు గడిపేస్తే సెలైన్ ఎక్కించడానికి నరం కూడా దొరకదు.

మచ్చిక మాట కూడా తలకిందులే. ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాడు కుయ్యిమంటాడో పిల్ల నేర్చుకునేది తల్లి దగ్గర, తోబుట్టువుల దగ్గర. నెలకే విడదీసిన పిల్లలు ఆరు నెలలకు ఇంట్లో పిల్లల చేతులు రక్కుతుంటే, "జాతి మంచిది కాదేమో" అని నా దగ్గరికి వస్తారు. కుక్కల పెంపకం, అమ్మకంపై 2017లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. పెంచి అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదై ఉండాలి. ఆ నంబరు అడగండి. "ఇంతవరకు ఎవరూ అడగలేదే!" అని నవ్వితే మీకు కావలసిన జవాబు దొరికినట్టే.

టీకా కార్డు కూడా చూడండి. వేసిన మందు సీసా మీది స్టిక్కరు బ్యాచ్ నంబరుతో సహా అంటించి ఉండాలి, పక్కన పశువైద్యుడి సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. మొన్న వచ్చిన కార్డులో బాల్‌పెన్నుతో పెట్టిన ఒక టిక్కు, ఒక తేదీ ఉన్నాయి. ఆ తేదీకి పిల్ల పుట్టి పది రోజులు కూడా అయి ఉండదు.

అపోహ: కాగితాలుంటే ఆరోగ్యమైన పిల్ల.

కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా సర్టిఫికెట్ వంశాన్ని చెబుతుంది, ఆరోగ్యాన్ని కాదు. అందులోని మైక్రోచిప్ నంబరు పిల్ల ఒంట్లోని చిప్పుతో సరిపోతుందో లేదో స్కానర్‌తో చూపించమనండి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ అయితే తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు అడగండి. కనీసం తల్లి నడుస్తుంటే చూడండి. తల్లిని చూపించని చోట కొనవద్దు.

అమ్మేవాళ్లు గొప్పగా చెప్పే ‘డబుల్ బోన్’ లాబ్రడార్ అనే జాతి ఈ భూమ్మీద లేదు. ఎవరి కాలికైనా ఎముకలు అవే. వెనక కాళ్లకు అదనపు గోళ్లుంటే మేలుజాతి అన్నదీ అంతే.

అపోహ: ఏసీ ఉంటే ఏ జాతినైనా పెంచుకోవచ్చు.

హస్కీకి రెండు పొరల బొచ్చు. మే నెలలో దాన్ని ఎన్ని గంటలు గదిలో బంధిస్తారు? పగ్ గురక ముద్దుగా ఉంటుందంటారు, అది ఊపిరాడని చప్పుడు. ఏ జాతి మంచిదని అడిగినవాళ్లను నేను తిరిగి అడిగేది ఒకటే: పొద్దున ఆరింటికి తిప్పేది ఎవరు? తండ్రి కొడుకు వైపు చూస్తాడు, కొడుకు ఫోను వైపు చూస్తాడు.

అపోహ: దత్తత కుక్క రోగాల పుట్ట, పెద్ద కుక్క మచ్చిక కాదు.

కొనడం పాపమని నేను అనను. తల్లిని చూపించి, ఎనిమిది వారాలు ఆగమనే పెంపకందారులు కొందరున్నారు, వాళ్ల దగ్గర నిశ్చింతగా తీసుకోండి. సంరక్షణ కేంద్రంలోని పిల్లకూ పార్వో రావచ్చు, అక్కడా కార్డు అడగాల్సిందే. అయితే పెద్ద కుక్కలో ఒక సౌకర్యం ఉంది: ఎంత పెరుగుతుందో, పిల్లలతో ఎలా ఉంటుందో కళ్లముందే కనిపిస్తుంది. చెవి కొసన ‘వి’ ఆకారంలో కత్తిరింపు ఉంటే దానికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిందన్నమాట.

ఆ బాల్‌పెన్ను కార్డు పిల్ల నాలుగో రోజు పోయింది. నెల తర్వాత, దాన్ని తెచ్చిన తల్లీ కూతురూ మళ్లీ వచ్చారు, ఇంకో పిల్లను తెచ్చుకోవచ్చా అని. వద్దన్నాను. పార్వో వైరస్ పెరటి మట్టిలో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా బతుకుతుంది. గచ్చును బ్లీచింగ్ నీళ్లతో కడగవచ్చు, మట్టిని ఏం కడుగుతారు? టీకాలన్నీ పడిన పెద్ద కుక్క అయితే ఆ ఇంట్లో ఉండగలదు.

వాళ్లు తెచ్చుకున్నది నాలుగేళ్ల గోధుమరంగు ఊరకుక్క, చెవికి కత్తిరింపు ఉన్నది. తొమ్మిది రోజులు మెట్ల కిందే పడుకుందట, అన్నం గిన్నె అక్కడికే జరిపారట. రెండు నెలలకు రేబిస్ బూస్టర్ కోసం వచ్చినప్పుడు నేను చేయి చాపేలోపే ఆ అమ్మాయి దాని పెదవి పైకెత్తింది.

"వెనక పళ్లన్నీ ఉన్నాయి అంకుల్, చూడండి."