నైజర్ పిల్లల ఆకలి, విదేశీ సాయం: అపోహలు - వాస్తవాలు

అపోహ: కరవు ముదిరాక ఆహారం పంపితే సరిపోతుంది.

వాస్తవం: పిల్లల పోషకాహార చికిత్సలో పనిచేసే మా దృష్టిలో అన్నిటికన్నా ఖరీదైన అపోహ ఇదే. 2004లో పశ్చిమాఫ్రికాలోని నైజర్‌లో వానలు ముందే ఆగిపోయి, మిడతల దండు పడి సజ్జ, జొన్న పంటలు దెబ్బతిన్నాయి. ఐక్యరాజ్యసమితి ఆ ఏడాది చివర్లోనే సాయం కోరినా, మరుసటి ఏడాది మధ్యలో ఎముకల గూళ్లయిన పిల్లలు టీవీలో కనిపించేదాకా దాతలు పెద్దగా కదలలేదు. వెంటనే స్పందించి ఉంటే బిడ్డకు రోజుకు ఒక డాలరుతో సరిపోయేదని, ఆలస్యం వల్ల ఒక్కో ప్రాణం నిలపడానికి 80 డాలర్లు అవుతోందని అప్పటి ఐరాస మానవతా సాయం అధిపతి యాన్ ఎగెలాండ్ చెప్పారు. పాత గింజలు నిండుకుని, కొత్త పంట ఇంకా చేతికి రాని జూన్-సెప్టెంబరు నెలలు అక్కడ ఏటా వస్తాయి గనుక సాయం అంతకుముందే గోదాములకు చేరాలి.

అపోహ: బాగా చిక్కిపోయిన బిడ్డకు కడుపునిండా తిండి పెడితే కోలుకుంటాడు.

వాస్తవం: అలా పెడితే ప్రాణం పోవచ్చు. ఆ స్థితిలో గుండె, కాలేయం, మూత్రపిండాలు అంత భారాన్ని మోయలేవు. ఆకలి మందగించిన బిడ్డను, వాపు, ఇన్ఫెక్షన్ వంటి చిక్కులున్న బిడ్డను ఆసుపత్రిలో చేర్చి, మాంసకృత్తులు తక్కువగా ఉండే ఎఫ్-75 అనే చికిత్స పాలతో మొదలుపెడతాం. దండచేయి (మోచేతికి పైభాగం) చుట్టుకొలత 115 మిల్లీమీటర్ల కంటే తగ్గినా ఆకలి బాగా ఉండి, చిక్కులేవీ లేకపోతే ఇంటిదగ్గరే చికిత్స సాగుతుంది. అందుకు వాడే, వేరుశనగ ముద్ద, పాలపొడి, నూనె, చక్కెర, విటమిన్లు, ఖనిజాలు కలిపిన 92 గ్రాముల ప్యాకెట్ 500 కేలరీలు ఇస్తుంది. నీళ్లు కలపనక్కరలేదు గనుక కలుషిత నీటి భయమూ ఉండదు. 2005లో అంతర్జాతీయ వైద్య సేవా సంస్థ ఎంఎస్‌ఎఫ్ (సరిహద్దులు లేని వైద్యులు) వైద్యులు నైజర్‌లో 60,000 మందికి పైగా పిల్లలకు చికిత్స చేశారు, వారిలో ఎక్కువమందికి ఇంటిదగ్గరే. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ ఈ పద్ధతిని ఆమోదించాయి.

అపోహ: సాయం సొమ్మంతా మధ్యలోనే మాయమవుతుంది.

వాస్తవం: కొంత పోతుంది, కాదనను. అయితే చట్టబద్ధంగా పోయేదాని గురించి ఎవరూ మాట్లాడరు: అమెరికా దశాబ్దాలుగా తన ఆహార సాయంలో అధికభాగానికి స్వదేశపు ధాన్యాన్నే కొని, కనీసం సగాన్ని స్వదేశపు నౌకల్లోనే పంపాలని పట్టుబట్టింది, దాంతో సొమ్ములో కొంత అదనపు ఖర్చులకే పోయింది. ఇంత జరిగినా, నైజర్‌లో ఐదేళ్లలోపు పిల్లల మరణాలు 1998లో ప్రతి వెయ్యి జననాలకు 226 ఉండగా 2009 నాటికి 128కి తగ్గాయి. చిన్నపిల్లలకు ఉచిత వైద్యం, పల్లెల్లో ఆరోగ్య కేంద్రాలు ప్రభుత్వ నిర్ణయాలు. దోమతెరలు, టీకాలు, పోషకాహార చికిత్సలో దాతల సొమ్ము చాలా ఉంది.

అపోహ: ఈ సాయం పరాధీనతను పెంచుతుంది.

వాస్తవం: ఈ చికిత్స సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాల్లో ముగుస్తుంది. పైగా ప్యాకెట్లలో ఇచ్చే ఈ వేరుశనగ ముద్దను నైజర్ రాజధాని నియామేలోనే తయారుచేస్తున్నారు.

అపోహ: ధనిక దేశాలు ఇప్పటికే తలకు మించి ఇస్తున్నాయి.

వాస్తవం: జాతీయాదాయంలో 0.7 శాతం ఇవ్వాలని ఐరాస 1970లో లక్ష్యం పెట్టింది. 2023లో ప్రధాన దాత దేశాల సగటు 0.37 శాతం, లక్ష్యాన్ని అందుకున్నవి నార్వే, లక్సెంబర్గ్, స్వీడన్, జర్మనీ, డెన్మార్క్ మాత్రమే.