మృత సముద్రంలో ఎవరూ మునగరా? అపోహలు - వాస్తవాలు

గుంటూరు, విజయవాడల నుంచి యెరూషలేము యాత్రకు బృందాలను తీసుకెళ్లడం నా పని. బయల్దేరే ముందు బ్రాడీపేటలో అందరినీ కూర్చోబెట్టి మాట్లాడతాం. మందులు, పచ్చళ్ల సంగతి తేలాక ఎవరో ఒకరు లేచి తప్పకుండా అనే మాట ఒకటుంది: "మృత సముద్రంలో ఎవరూ మునగరట కదండీ, ఇక భయమెందుకు?" మొన్న ఇదే మాట చెప్పి, నీళ్లంటే వణికే ఒక పెద్దావిడను దిగడానికి ఒప్పించేశారు. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

అపోహ: తేలతాం కాబట్టి ప్రమాదం లేదు.

వాస్తవం: తేలడం నిజమే. మామూలు సముద్రంలో లీటరు నీటికి సుమారు 35 గ్రాముల లవణాలుంటే, అక్కడ 300 గ్రాములు దాటుతాయి. ప్రమాదమంతా ఆ తేలడంతోనే. మనిషి బోర్లా పడితే కాళ్లు పైకి లేచిపోతాయి, పాదాలు నేలకు ఆనవు, ముఖం నీటిలోనే ఉండిపోతుంది. అందుకు నడుము లోతు చాలు. పైగా అది వంటింటి ఉప్పు కాదు. మెగ్నీషియం క్లోరైడ్ అనే లవణం ఎక్కువ కాబట్టి నూనెలా జిడ్డుగా, నాలుకకు చేదుగా ఉంటుంది. ఆ నీరు కడుపులోకి పోతే రక్తంలో మెగ్నీషియం, కాల్షియం పెరిగి గుండె లయ తప్పవచ్చు. ఊపిరితిత్తుల్లోకి పోతే అవి దెబ్బతింటాయి.

ఈత వచ్చినవారికి ముప్పు ఇంకా ఎక్కువ. కొన్నేళ్ల క్రితం మా బృందంలో కృష్ణలో ఈదుతూ పెరిగిన ఒకాయన ఉండేవారు. ఎంత చెప్పినా వినకుండా బోర్లా పడి చేతులు వేశారు. మడమలు రెండూ నీటిపైన ఆడుతున్నాయి, తల మాత్రం లేవడం లేదు. నేనూ లైఫ్‌గార్డూ చెరో భుజం పట్టి వెల్లకిలా తిప్పాం. కళ్లు తెరవలేక, దగ్గుతూ, నా చొక్కా వదల్లేదు. లోతు నా నడుము దాకా కూడా లేదు.

లైఫ్‌గార్డు ఉన్న చోటే దిగండి. మోకాళ్లు దాటాక కుర్చీలో కూర్చున్నట్టు మెల్లగా వెనక్కి వాలండి. లేవాలంటే మోకాళ్లు పొట్టకు దగ్గరగా లాక్కుని, చేతులతో నీటిని కిందికి నొక్కుతూ పాదాలు దించండి. పది, పదిహేను నిమిషాలు చాలు. ముందురోజు గడ్డం గీసుకోవద్దు, మంట భరించలేరు. గుక్కెడు మింగినా సిగ్గుపడకుండా లైఫ్‌గార్డుకు చెప్పండి.

ఆ పెద్దావిడ తర్వాత నా దగ్గరికి వచ్చి, "నేను దిగకపోతే నవ్వుతారేమో బాబూ" అన్నారు. ఎవరూ నవ్వరమ్మా, ఒడ్డున కుర్చీ వేస్తాను, కాళ్లు తడుపుకోండి అన్నాను. భయపడేవారిని దయచేసి బలవంతపెట్టకండి.

ఆ నీటిని సీసాల్లో తెచ్చి తాగితే రోగాలు పోతాయన్న పుకారు ఎవరు పుట్టించారో కానీ, పైన చెప్పింది చదివాక కూడా తాగుతారా? సోరియాసిస్ అనే చర్మవ్యాధి ఉన్నవారు అక్కడ వారాల తరబడి ఉండి వైద్యుల పర్యవేక్షణలో చికిత్స పొందడం నిజం. అది పైపూత, ఎండల వైద్యం. తాగే మందు కాదు.

మృత సముద్రం దగ్గర్లోనే కొండ మీదున్న మసాదా కోట ఎక్కలేమని దిగులు వద్దు, కేబుల్ కారు ఉంది. హేరోదు రాజు కట్టించిన భవనాలు, నీటి తొట్లు, రోమన్ల ముట్టడి శిబిరాల ఆనవాళ్లు పైనుంచి స్పష్టంగా కనిపిస్తాయి. బైబిల్లో ఏ అధ్యాయమని అడుగుతుంటారు. బైబిల్లో లేదు, ఆ ముట్టడి కథ మనకు చేరింది చరిత్రకారుడు జోసీఫస్ రచన వల్ల. దావీదు సౌలుకు చిక్కకుండా దాక్కున్న ఏన్గెదీ మాత్రం బైబిల్లోనిదే. ఎడారి కదా, నీరెక్కడిది అంటారు. అక్కడి ఊటలు ఏడాది పొడవునా పారతాయి, కొండమేకలు దారి పక్కనే తిరుగుతాయి.

ఒంటికి పూసుకునే నల్లమట్టి కోసం కంచె దాటి ఒడ్డు వెంట నడవడం మాత్రం నేను ఒప్పుకోను. మృత సముద్రం నిజానికి ఒక సరస్సు, దాని మట్టం ఏటా సుమారు మీటరు తగ్గుతోంది. ఒడ్డు అడుగున ఉన్న ఉప్పు పొరల్లోకి మంచినీరు చేరి అవి కరిగిపోతాయి, పైనేల ఒక్కసారిగా కుంగుతుంది. అలాంటి గోతులు వేలల్లో ఉన్నాయి. ఏన్గెదీ పాత బీచ్ మూతపడింది వాటి వల్లే.